ఒక యంత్రము, ఇరువురు ఏలికలు

మూసీనది ఉత్తరపు గట్టున, చార్మినారు వైపునుండి నయాపూల్ దాటి వచ్చువానికి తొలుత ఎదురగు పేట అఫ్జల్‌గంజ్. ఐదవ నిజామైన అఫ్జలుద్దౌలా, 1857 మొదలు 1869 వరకు సాగిన తన పరిపాలనాకాలమున, ధాన్యపు వర్తకులకు ఈ నేలను ఒసగగా ఆయన పేరనే ఇచట గంజు వెలసెను. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో ఈ గట్టున కొట్టుకొనిపోయినది పోగా, తరువాత లేచిన రెండు గొప్ప కట్టడములు నేటికిని పేటకు గుర్తులై నిలిచినవి: ఒకటి ఉస్మానియా ఆసుపత్రి; రెండవది, 1891లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ స్థాపించగా, 1932లో శంకుస్థాపన జరిగిన ఈ భవనములోనికి 1936లో తరలివచ్చి, నేడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమని పిలువబడుచున్న ఆసఫియా గ్రంథాలయము. వంతెన దాటి దక్షిణమునకు పోయినచో ఉర్దూ వ్రాతకును, శుభలేఖల ముద్రణకును పేరుపొందిన ఛత్తా బజారు. ఉత్తరమునకు నడచినచో కోఠీ, సుల్తాన్ బజారు, అందు 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, ఆ చేరువనే ఎలక్ట్రానిక్ సామానుల అంగళ్ళతో క్రిక్కిరిసిన గుజరాతీ గల్లీ. ఒక గంట నడకలో చుట్టివచ్చునంత ఈ చిన్న వలయమున ఉర్దూ, తెలుగు అక్షరముల వృత్తులు తరతరములుగా ప్రక్కప్రక్కన బ్రదికినవి.

ఈ ప్రాంతపు వర్తకునకు రెండు వ్యవస్థలను ఒకే గల్లాపెట్టెలో నడుపుట క్రొత్త కాదు. 1950 దశకపు తొలి యేండ్ల వరకు ఇచట నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కాయును, బ్రిటిషు ఇండియా కల్దారు రూపాయయును కలిసి చలామణి యగుచుండగా, ఆరు కల్దారులకు ఏడు హాలీలను లెక్క తప్పకుండ, బేగంబజారు సాహుకారి ఏ బేరమునకు ఏ నాణెము తీయవలెనో తడుముకొనకయే తీయుచుండెడివాడు. అట్టి ద్వంద్వమే గడచిన ఇరువది ముప్పదియేండ్లలో ఈ పరిసరముల కంప్యూటర్లకును సంక్రమించినది. ఒకే డిస్కుమీద విండోసును, లినక్సును రెంటిని నిలిపి, మీట నొక్కిన పిమ్మట వానిలో ఏది మేల్కొనవలెనో నిర్ణయించు బూట్‌లోడరను చిన్న ప్రోగ్రామును వానికి ముందు అమర్చుటను కుర్రవారు డ్యూయల్ బూట్ అందురు; తుదకు మనుష్యుడు చెంత లేకున్నను వేళ వచ్చినప్పుడు ఒకదానినుండి మరియొకదానికి యంత్రమే మారునట్లు కూడ దీనిని అమర్చుకొనవచ్చును. లోకమంతట ఇది ఇంజనీర్ల వినోదముగా పేరుపడినది. మన ప్రాంతమున మాత్రము ఇది వినోదము కాదు, లిపి తెచ్చిపెట్టిన అవసరము. దీని చరిత్రను ఆ అవసరమునుండి విడదీసి చెప్పుట అన్యాయమని నా దృఢవిశ్వాసము.

విద్యుత్తు అందిన క్షణమున కంప్యూటరు ఏమియు ఎరుగదు. డిస్కుమీద ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత విస్తారముగా వ్రాయబడియున్నను, దానిని చదువవలెనను బుద్ధి ముందుగా ఎవరో యంత్రమునకు కలిగింపవలెను. 1952 నాటి ఐ.బి.ఎం. 701 యంత్రమునకు లోడ్ అను మీట యొకటి యుండెను. దాని నొక్కినచో యంత్రము కార్డులనుండియో, టేపునుండియో, డ్రమ్మునుండియో తొలి ఆదేశమును గ్రహించి, అది చెప్పినట్లు తరువాతి వానిని గ్రహించుకొనుచు పోయెడిది. ఆ పిమ్మట వచ్చిన చిన్న కంప్యూటర్లలో ముందరి పలకమీద స్విచ్చులు వరుసగా నుండెడివి. పనివాడు ఒక్కొక్క ఆదేశమునకు ఆ స్విచ్చులను ఎత్తియు దించియు, జమచేయు మీటను నొక్కియు, ఇట్లు పదునైదు ఇరువది ఆదేశములను చేతితో ఎక్కించిన పిదపనే యంత్రము కాగితపు టేపును చదువనేర్చెడిది. స్విచ్చులమీద ఆడిన ఆ వ్రేళ్ళే తొలి బూట్‌లోడరు.

హైదరాబాదునకు కంప్యూటరు నిర్మాణవిద్య 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థతో వచ్చెను. ఆ సంస్థను తీర్చిదిద్దిన అయ్యగారి సాంబశివరావుగారి పేర నేడు నగరమున ఎ.ఎస్. రావు నగరను పేటయే వెలసియున్నది. ట్రాంబే అణుపరిశోధన కేంద్రమునందలి రూపకల్పననుండి పుట్టి 1969లో వెలువడిన 12 బిట్ల టి.డి.సి.-12, 1970 దశకపు నడుమ దానిని అనుసరించిన టి.డి.సి.-312, టి.డి.సి.-316 యంత్రములు మన దేశపు కంప్యూటరు చరిత్రలో మొదటి అధ్యాయమునకు చెందినవి. ఐనను ఆ కాలమున యంత్రమును సంపాదించుటయే మహాకార్యము. ఒకే యంత్రమున ఇరువురు ఏలికలను తలంపునకు చోటు లేకుండెను.

ఆ చోటు 1981 ఆగస్టు 12న వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుతో ఏర్పడనారంభించెను. దానిలో నిలిచియున్న బయాస్ అను ప్రోగ్రాము డిస్కునందలి మొట్టమొదటి 512 బైట్లను జ్ఞాపకములోనికి తెచ్చి, తన యధికారమును ఆ బైట్లకు అప్పగించి తప్పుకొనును. 1983లో పది మెగాబైట్ల హార్డు డిస్కు గల ఎక్స్.టి. నమూనాయు, దానితో డాస్ రెండవ సంచికయు వచ్చినప్పుడు ఈ 512 బైట్ల పంపకము స్థిరపడినది: 446 బైట్లు ప్రోగ్రామునకు, 64 బైట్లు విభాగముల పట్టికకు, తుది రెండు బైట్లు సరిచూచుకొను ముద్రకు. పట్టికలో పంక్తులు నాలుగే. ఒక్కొక్క పంక్తి మొదటి బైటులో, ఈ విభాగము క్రియాశీలము, దీనిని లేపుము అను గుర్తు పెట్టవచ్చును. ఈ గుర్తును ఒక పంక్తినుండి మరియొక పంక్తికి జరిపి యంత్రమును ఆపి మరల తెరచుటయే రెండు ఆపరేటింగ్ సిస్టముల నడుమ మారుటకు ఆనాటి మార్గము. అనగా నిద్రించుటకు ముందే రేపటి ఏలికను నిర్ణయింపవలెను. లేచిన పిదప మనసు మారినచో మొదటినుండి అంతయు తిరిగి చేయవలసినదే.

ఇక అక్షరముల సంగతి. ఉర్దూ ముద్రణ నస్తాలీఖ్ వ్రాతను విడిచి బ్రదుకలేదు. ఆ వ్రాతలో పదము కుడినుండి ఎడమకు ఏటవాలుగా జారుచు పోవును; అక్షరము తన పొరుగు అక్షరములనుబట్టి రూపు మార్చుకొనును. అందుచేత ఇతర భాషలు సీసపు అచ్చుకు చేరిన తరువాతను ఉర్దూ పత్రికలు, గ్రంథములు కాతిబులను వ్రాయసకాండ్ర చేతివ్రాతమీదనే చిరకాలము ఆధారపడియుండెను. 1981లో మీర్జా అహమద్ జమీల్ కృషివలన, ఇరువదివేలకు పైబడిన సంయుక్తరూపములతో నూరీ నస్తాలీఖ్ సిద్ధమయ్యెను. దానిని సామాన్యుని కంప్యూటరునకు దించిన ఇన్‌పేజ్ 1994లో వెలువడెను. అది విండోసుమీద నడచెడిది. ఛత్తా బజారు కాతిబులలో కలము విడిచి కీబోర్డు పట్టినవారెల్లరు ఆ విధముగ విండోసు ప్రజలైరి.

తెలుగు ముద్రణయు ఇదే దారి పట్టెను. పేజ్‌మేకరును, అను, శ్రీలిపి వంటి ఫాంట్లును కలిసి డీటీపీ అను వృత్తిని నిర్మించినవి. కరపత్రము మొదలు కావ్యము వరకు సర్వమును ఆ జోడు ద్వారానే అచ్చునకు పోయెను. అయితే ఆ ఫాంట్లలో ఒక లోపము దాగియుండెను. ఇంగ్లీషు అక్షరములకును, చిహ్నములకును కేటాయింపబడిన సంఖ్యల స్థానములలో తెలుగు గుణింతపు తునకలను కూర్చి, తెరమీద తెలుగు కనబడునట్లు చేయుటయే వాని పద్ధతి. ఒక్కొక్క సంస్థ కూర్పు ఒక్కొక్క విధము. ఆ ఫాంటు లేని యంత్రమున ఆ దస్త్రమును తెరచినచో అక్షరములకు బదులు అర్థము లేని ఇంగ్లీషు చిహ్నముల గుంపు కనబడును. కంటికి తెలుగైనది యంత్రమునకు తెలుగు కాదు. దానిలో ఒక పదమును వెదకలేము, అకారాది క్రమమున పేర్చలేము.

1991లో యూనికోడ్ మొదటి సంచిక వెలువడినప్పుడే తెలుగునకు 128 స్థానములు ప్రత్యేకింపబడినవి. ఆ స్థానములు ఏ సంస్థ సొత్తును కావు. వానిని తెరమీద సరిగా చూపు శక్తి రెండు వైపుల ఇంచుమించు ఒకే కాలమున పెరిగినది: 2001 నాటి విండోస్ ఎక్స్.పి.లో గౌతమి ఫాంటు వచ్చెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి పోతన, వేమన ఫాంట్లు యూనికోడు తెలుగునకు తొలి ఆభరణములయ్యెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టెను. 2005లో మన కుర్రవారు స్వేచ్ఛ యను పేర తెలుగు మాటాడు లినక్సును లోకమునకు అందించిరి. మెనూలన్నియు మన భాషలో నుండి, మూల్యము లేక, ఎవరికైనను పంచుకొనుటకు అనుమతి గల వ్యవస్థ యొకటి మనవారి చేతులమీదుగా వచ్చుట సామాన్యవిషయము కాదు. ఇప్పటికిని దానికి తగిన గౌరవము దక్కలేదని నాకు ఖేదము కలదు.

కాని కడుపు నింపు పని ఒకచోటను, మనసు కోరు పని వేరొకచోటను ఉండిపోయెను. గిరాకీ తెచ్చిన పాత దస్త్రము విండోసులోనే తెరచుకొనును. యూనికోడు తెలుగునందు ఉత్సాహము గలవానిని, ప్రోగ్రామింగు నేర్చువానిని లినక్సు పిలుచును. జె.ఎన్.టి.యు. అనుబంధ కళాశాలల విద్యార్థికి ఒక ప్రయోగశాలలో టర్బో సి, మరియొక ప్రయోగశాలలో యునిక్సు తప్పనిసరి యయ్యెను. ఇంటికొక కంప్యూటరు కొనుటయే గగనమైన ఆ దినములలో రెండవ యంత్రమను మాటకు తావెక్కడిది? కావున ఒకే డిస్కును రెండుగా పంచుకొనవలసివచ్చెను.

ఆ పంపకమునకు తొలి కాపరి లిలో యను బూట్‌లోడరు. వెర్నర్ ఆల్మెస్‌బర్గర్ 1992లో దానిని వ్రాసెను. పీసీ క్వెస్ట్ వంటి పత్రికలు సంచికతోపాటు ఇచ్చిన లినక్సు సీడీలు ఆబిడ్స్ ఆదివారపు పుస్తకముల సంతలోనికి పాతపుస్తకములతో కలిసి వచ్చుచుండగా, వానిని కొనిపోయి అమర్చుకొన్నవారు లిలోనే మొదట చూచిరి. అది మేల్కొనుచు తన పేరునందలి నాలుగు ఇంగ్లీషు అక్షరములను ఒకటొకటిగా తెరమీద వ్రాయును. ఒక్కొక్క అక్షరము ఒక్కొక్క దశ దాటినదనుటకు గుర్తు. ఎల్, ఐ అను రెండక్షరములు మాత్రము వ్రాసి ఆగిపోయినచో, రెండవ దశ జ్ఞాపకములోనికి వచ్చియు నడువలేకపోయినదని అర్థము. నల్లని తెరమీద ఆ రెండక్షరములును, వాని ప్రక్కన కదలక మెదలక నిలిచిన గీతయు చూచి రాత్రులు గడపినవారు ఈ నగరమున పలువురు కలరు.

లిలో దౌర్బల్యము దాని నిర్మాణమునందే యున్నది. దానికి ఫైలు వ్యవస్థ తెలియదు. లినక్సునకు మూలమైన కెర్నెలు డిస్కునందు ఏయే ఖండములలో నున్నదో ఆ అంకెలను మాత్రము వ్రాసికొని, కన్నులు మూసికొని అచటికి పోవును. కెర్నెలును మార్చి, లిలో ఆదేశమును తిరిగి నడుపుట మరచినచో మరునాడు యంత్రము లేవదు. 1024వ సిలిండరునకు ఆవల నున్నదానిని బయాస్ అందుకొనలేకుండుటచే, కెర్నెలు మొదట 528 మెగాబైట్లలోపలను, తరువాత 8.4 గిగాబైట్లలోపలను ఉండవలెనను నిర్బంధము 2000 ప్రాంతము వరకు వేధించెను. వీనికి తోడు, విండోసును తిరిగి ఎక్కించిన ప్రతిసారియు అది మొదటి 512 బైట్లలోని ప్రోగ్రామును తన సొంతమనుకొని తుడిచి వ్రాసికొనెడిది. డిస్కునందు లినక్సు చెక్కుచెదరక యున్నను దానికి వాకిలి లేకపోయెడిది. ఒకానొక అంగడిలో మరమ్మతునకు ఇచ్చిన నా యంత్రము ఇట్లే వాకిలి పోగొట్టుకొని ఇల్లు చేరినది; లినక్సు పోయినదని అచటివారు చెప్పిరి, కాని అది పోలేదు, దానిని పిలుచువాడు మాత్రమే పోయినాడు.

ఈ బాధలలో పెక్కింటిని తీర్చినది గ్రబ్. ఎరిక్ బొలిన్ 1995లో గ్నూ హర్డ్ అను కెర్నెలును లేపుటకై దీనిని మొదలుపెట్టెను. 1999లో గార్డన్ మాట్జిగ్‌కైట్, యోషినోరి ఒకుజి దీనిని గ్నూ పరికరములలో చేర్చిరి. 2002లో ఒకుజి మొదలిడిన పునర్నిర్మాణము క్రమముగా పెరిగి గ్రబ్ 2 అయ్యెను. ఇది ఫైలు వ్యవస్థను తానే చదువగలదు. కెర్నెలును అంకెతో గాక పేరుతో వెదకికొనును. దానికి తోడుగా నున్న ఓఎస్-ప్రోబర్ డిస్కునందలి ఇతర వ్యవస్థలను ఆరసి వాని పేర్లను పట్టికలో చేర్చును.

కోఠీ ప్రాంతమునందలి ఒక డీటీపీ దుకాణమున ఇట్టి యంత్రమును నేను తరచుగా చూచుచుండెడివాడను. తెరచిన కొలది క్షణములకు నల్లని తెరమీద తెల్లని చట్రము, అందు పైన లినక్సు, దాని అడుగున దానిదే మరమ్మతు పంక్తి, అన్నింటికి క్రింద విండోసు. ఎంపికైన పంక్తిమీద వెలుగుపట్టీ. చట్రమునకు దిగువ, ఇన్ని క్షణములలో ఈ పంక్తి తనంత తానే నడచునని తరుగుచు పోవు లెక్క. ప్రూఫు కాగితములను ఒక చేత సర్దుకొనుచు, తెరవైపు చూడకయే, దుకాణము నడుపు ఇల్లాలు రెండవ చేత క్రిందిబాణపు మీటను రెండుమార్లు నొక్కి ఎంటరు కొట్టుచుండెను. పగలంతయు శుభలేఖలు, కరపత్రములు. రాత్రి ఎనిమిదింటికి ఆమె లేచిన కుర్చీలో కుమారుడు కూర్చుండి, ఆ పట్టికనే మరల రప్పించి, పై పంక్తిని ఎన్నుకొని కళాశాల పాఠము చేసికొనెడివాడు. “అమ్మా, నీ ఫైళ్ళు సేవ్ చేసినావా?” అను ప్రశ్న లేకుండ ఆ కుర్చీ చేతులు మారుట నేను వినలేదు.

ఈ మార్పును మనుష్యుని వ్రేలినుండి తప్పించి యంత్రమునకే అప్పగించు యత్నములు బూట్‌లోడర్లతో కూడనే పుట్టి, మెట్టుమెట్టుగా పెరిగినవి. మొదటిది గడువు: ఎవరును మీట నొక్కకున్నచో నిర్ణీతకాలమునకు నిర్ణీత వ్యవస్థ లేచును. విండోస్ ఎన్.టి. వంశమున బూట్.ఐఎన్ఐ అను చిన్న దస్త్రములో ఆ గడువు సాధారణముగా 30 క్షణములుండెడిది. రెండవది జ్ఞాపకము: గ్రబ్ అమరికలలో సేవ్డ్ అను మాటతోపాటు ఎంపికను దాచుకొనుమను ఆదేశమును వ్రాసినచో, కడపట ఎన్నుకొన్నదానినే అది గురుతుంచుకొని మరల లేపును. ఇందుకై అది గ్రబ్ఎన్వ్ అను సరిగా 1024 బైట్ల దస్త్రమును ఉంచుకొనును. ఒక్కనికే చెందిన యంత్రమున ఇది సుఖము. పలువురు వాడు యంత్రమున ఇది కలహమునకు మూలము. ముందువాని ఎంపికలో వెనుకవాడు చిక్కుకొనును.

నా దృష్టిలో వీనియన్నింటిలోను మిన్నయైనది మూడవది, ఒక్కమారు ఆజ్ఞ. లిలోలో ఆర్ అను గుర్తుతో ఇచ్చు ఆదేశమునను, గ్రబ్‌లో గ్రబ్-రీబూట్ అను ఆదేశమునను ఇది సాధ్యమగును. ఇంతకు తరువాతి మేల్కొలుపున మాత్రము విండోసును లేపుము, ఆ పిమ్మట యథాప్రకారము లినక్సే అని చెప్పి యంత్రమును మరల తెరువవచ్చును. గ్రబ్ లేచి ఆ ఆజ్ఞను చదివిన వెంటనే, దానిని అమలుపరచుటకు ముందే, తన దస్త్రమునుండి చెరిపివేయును. లేచిన వ్యవస్థ నడుమ కూలిపోయినను, విద్యుత్తు పోయినను, మరుమారు యంత్రము తన శాశ్వతమైన ఏలికనొద్దకే చేరును. ఆజ్ఞను ముందు చెరిపి, పిదప నెరవేర్చుట. ఈ క్రమమును ఆలోచించినవాని వివేకమునకు నేను నమస్కరింతును. క్రమము తిరుగబడియున్నచో, చెడిన వ్యవస్థను లేపుట, కూలుట, మరల దానినే లేపుటగా యంత్రము అంతులేని సుడిలో పడియుండెడిది.

దీనితో రోజువారీ వంతులు కుదురును. లినక్సులోని క్రాన్ అను గడియారపు సేవకుడు ఉదయము ఏడింటికి గ్రబ్-రీబూట్ ఆదేశమిచ్చి యంత్రమును తిరిగి తెరచును. దుకాణము తలుపు తీయునప్పటికి విండోసు సిద్ధముగా నుండును. రాత్రి విండోసులోని టాస్క్ షెడ్యూలర్ యంత్రమును మూసి తెరచినచో చాలును. ఆజ్ఞ చెరిగిపోయియున్నది గనుక లినక్సు తనంత తానే లేచి, దస్త్రముల నకళ్ళు తీసికొనుటయో, పెద్ద లెక్కలు చేయుటయో సాగించును. పగలు విద్యార్థులకు విండోసు, రాత్రి పరిశోధకులకు లినక్సు గణనసమూహము అను పద్ధతిని లోకమున పెక్కు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలు ఇట్లే నడపినవి.

గ్రబ్ 2లో ఇంకొక దారి కూడ కలదు. డేట్‌హుక్ అను భాగమును చేర్చినచో గంట, నిమిషము, వారము మొదలైనవి బూట్‌లోడరునకే తెలియును. ఇన్ని గంటలు దాటినచో ఈ పంక్తి, లేనిచో ఆ పంక్తి అని దాని అమరికలలో వ్రాయవచ్చును. అయితే ఈ దారి త్రొక్కిన మనవారు ఒక చిత్రమైన చిక్కున పడిరి. యంత్రపు పలకమీద గుండ్రని బ్యాటరీతో నడచు గడియారము స్థానికకాలమును చూపవలెనని విండోసు మతము. విశ్వకాలమును, అనగా గ్రీనిచ్ లెక్కను చూపవలెనని లినక్సు మతము. భారతకాలము కాకినాడ చేరువగా పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశముననుసరించి గ్రీనిచ్ కాలమునకు ఐదున్నర గంటలు ముందుండును. కావున విండోసు సాయంకాలము ఆరుగంటలని గడియారమున వ్రాసి నిద్రించినచో, లేచిన లినక్సు దానిని గ్రీనిచ్ ఆరుగంటలని తలచి, మన లెక్కకు రాత్రి పదకొండున్నర యని తెరమీద చూపును. గంటనుబట్టి ఏలికను ఎన్నుకొనుమని గ్రబ్‌నకు చెప్పినవాని ఇంట, పట్టపగలు రాత్రివంతు తెరచుకొనును. లినక్సును స్థానికకాలమునకు ఒప్పించుటయో, విండోసు రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అను విలువ చేర్చి దానిని విశ్వకాలమునకు త్రిప్పుటయో దీనికి మందు. రెండవదే మేలు, గడియారము ఒక్కటే యున్నప్పుడు దానికి లెక్కయు ఒక్కటే యుండవలెను.

ఇంత శ్రమకు ఫలమేమి యని అడుగువారికి అఫ్జల్‌గంజ్ గ్రంథాలయమునే చూపుదును. చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారమునందుకొన్న రాజ్ రెడ్డిగారి సంకల్పమున పదిలక్షల గ్రంథములను కంప్యూటరులోనికెక్కించు మహోద్యమము ఈ శతాబ్దపు తొలి యేండ్లలో సాగినప్పుడు, మన నగరమందలి ఐ.ఐ.ఐ.టి. దాని కేంద్రములలో నొకటి యయ్యెను. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయపు పాతపుస్తకములు ఆ స్కానరుల క్రిందికి పోయినవి. పొడి రాలు పుటలు బొమ్మలై ఇంటర్నెట్టున నిలిచినవి. ఆ పుటలు టిఫ్ రూపమున నుండుటచే, వానిని బ్రౌజరులో చూచుటకు కావలసిన తోడు ప్రోగ్రాము విండోసున సులభముగా అమరెడిది, లినక్సున ఇబ్బంది పెట్టెడిది. కావున ఆ గ్రంథమును విండోసున తెరచి దింపుకొని, అదే యంత్రమును లినక్సునకు మార్చి, అందు యూనికోడు తెలుగున అక్షరమక్షరముగా ఎక్కించిన ఔత్సాహికుల శ్రమ కొంత నేను ఎరుగుదును. పుస్తకము బొమ్మగా నున్నంత కాలము దానిని చూడవచ్చును గాని, దానిలో ఒక మాటను వెదకుటకు వీలులేదు. వెదకుటకు వీలైన తెలుగుగా అది మారిన దారి ఆ నల్లని తెరమీది పట్టికగుండనే పోయినది.

తరువాతి కాలమున బయాస్ వృద్ధమై యు.ఇ.ఎఫ్.ఐ. దాని స్థానమాక్రమించెను. నాలుగు పంక్తుల పట్టికకు బదులు 128 విభాగముల జి.పి.టి. వచ్చెను, 512 బైట్ల ఇరుకు తొలగి ఒక్కొక్క వ్యవస్థకు వేరువేరు వాకిళ్ళు ఏర్పడినవి. ఒక్కమారు ఆజ్ఞ బూట్‌నెక్స్ట్ అను పేర యంత్రపు మూలస్వభావముననే చేరినది. అదియు ఆజ్ఞను ముందు చెరిపి పిదపనే అమలుపరచును. కాని 2012లో విండోస్ 8తో వ్యాపించిన సెక్యూర్ బూట్ పద్ధతిలో, ముద్ర లేని ప్రోగ్రామును యంత్రము లేపనే లేపదు. ఆ ముద్రలలో ప్రధానమైనది మైక్రోసాఫ్టు చేతనున్నది. లినక్సు పంపిణీలు షిమ్ అను చిన్న ప్రోగ్రామునకు ఆ ముద్ర వేయించుకొని, దాని వెనుక గ్రబ్‌ను నడుపుచున్నవి. దొంగప్రోగ్రాములను అడ్డుటకు ఇది మంచిదే. కాని నా యింట ఎవరు ముందు మేల్కొనవలెనో చెప్పు హక్కు నాది. దానికై పరుల సంతకమును ఆశ్రయించుట నాకు సమ్మతము కాదు. ఈ సెక్యూర్ బూట్‌ను నిలిపివేయు మీట కలదో లేదో యంత్రము కొనువాడు కొనుటకు ముందే అడిగి తెలిసికొనవలెను.

నేడు డ్యూయల్ బూట్ తగ్గినది. ఒక వ్యవస్థ లోపలనే మరియొకదానిని నడుపు వర్చువల్ యంత్రములు వచ్చినవి. 2016 నుండి విండోసు తనలోపలనే లినక్సునకు చోటిచ్చినది. పత్రికలు, ప్రచురణసంస్థలు మెల్లమెల్లగా యూనికోడునకు చేరుచున్నవి. ఐనను ఛత్తా బజారు నుండి కోఠీ వరకు గల ముద్రణశాలలలో, పాత డిస్కులలో, సీడీల దొంతరలలో రెండు దశాబ్దముల తెలుగు, ఉర్దూ రచన ఆ ప్రత్యేక ఫాంట్ల సంకేతములలోనే ఇరుకుకొనియున్నది. అందు కవుల సంకలనములు, ఊరి చరిత్రలు, వర్ధంతి సంచికలు, మరెచటను నకలు లేని చిన్న పుస్తకములు కలవు. వానిని యూనికోడునకు మార్చు పరికరములు దొరకును గాని, ఫాంటు ఫాంటునకు కూర్పు మారుటచే ఒత్తులు, గుణింతములు తారుమారగును. ప్రతి పుటను మూలముతో పోల్చి చూచుటకు ఆ ఫాంటు ఎక్కియున్న పాత విండోసు తప్పదు. గ్రంథాలయములును, విశ్వవిద్యాలయపు తెలుగు, ఉర్దూ శాఖలును ముద్రణశాలల తలుపు తట్టి ఈ దస్త్రములను సేకరించు పని వెంటనే మొదలిడవలెను. డిస్కులు ఏటేట చెడిపోవుచున్నవి, వానిని తెరువనేర్చిన పనివారు ముసలివారగుచున్నారు. ఆ పని ముగియువరకు, దుకాణదారు క్రొత్త యంత్రము కొన్నను పాత విండోసు విభాగమును అందులోనికి మార్చికొని, గ్రబ్ పట్టికలో దాని పంక్తిని తుడిచివేయకుండ ఉంచవలెను.